లాంచ్ ఆప్షన్స్‌లో రాసిందంతా గేమ్ చదువుతుందా?

గేమ్‌లు కొని ఆడుకునే యాప్ అయిన స్టీమ్‌లో ఏ గేమ్ పేరు మీదైనా రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి వెళ్తే జనరల్ ట్యాబ్‌లోనే లాంచ్ ఆప్షన్స్ అని ఒక ఖాళీ బాక్స్ కనపడుతుంది. అందులో ఏం రాయాలో ఎవరూ చెప్పరు, లిస్టు ఉండదు, తప్పు రాస్తే ఎర్ర గీత కూడా పడదు. అందుకే చాలామంది ఎక్కడో ఎవరో పెట్టిన పొడుగాటి లైనొకటి కాపీ కొట్టి అందులో పేస్ట్ చేసేస్తారు, -నోవిడ్ -హై -థ్రెడ్స్ 8 -టిక్‌రేట్ 128 -నోజాయ్ +ఎఫ్‌పీఎస్_మ్యాక్స్ 0 అంటూ అది రైలు పెట్టెల్లా సాగుతుంటుంది, పెట్టాక గేమ్ స్మూత్ అయిందని ఒకరంటారు, ఏం తేడా లేదని ఇంకొకరంటారు, ఇద్దరిలో ఎవరిది కరెక్టో తేలదు. అది తేలకపోవడానికి కారణం ఉంది, ఆ కారణం గేమ్ కోడ్‌లోనే ఉంది. ఈ ఆప్షన్లన్నీ ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాసినా టైప్ చేసేటప్పుడు మాత్రం ఇంగ్లీష్ అక్షరాల్లోనే కొట్టాలి, అది ముందే చెప్పేస్తే మంచిది.

ఆ బాక్స్‌లో రాసింది గేమ్ కమాండ్ లైన్‌లో చేరుతుంది. కమాండ్ లైన్ అంటే ప్రోగ్రామ్‌ని పిలిచేటప్పుడు దాని పేరు పక్కన రాసే మాటలు, అంతే. విండోస్‌కి ముందు పీసీల్లో ఉన్న డాస్ రోజుల్లో గేమ్ ఆడాలంటే నల్ల స్క్రీన్ మీద దాని పేరు టైప్ చేయాల్సిందే కాబట్టి పక్కన ఇంకో నాలుగు మాటలు టైప్ చేయడం పెద్ద వింతేం కాదు. 1993 డిసెంబర్‌లో ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ళు వదిలిన డూమ్‌లో ఇవి బోలెడు. -స్కిల్ 4 అని రాస్తే నాలుగో లెవల్ కష్టంతో మొదలవుతుంది, -వార్ప్ 1 3 అంటే మెనూ గోల లేకుండా మొదటి ఎపిసోడ్ మూడో మ్యాప్‌లో నేరుగా దించేస్తుంది, -నోమాన్‌స్టర్స్ అంటే రాక్షసులుండరు, -ఫైల్ పక్కన ఒక వ్యాడ్ ఫైల్ (డూమ్ మ్యాప్‌లు, బొమ్మలు ఉండే ఫైల్) పేరు ఇస్తే ఎవరో తయారుచేసిన కొత్త మ్యాప్‌లు లోడ్ అవుతాయి. గేమ్ లోపల మెనూలో వీటిలో చాలావాటికి చోటే లేదు, ముఖ్యంగా ఆ -ఫైల్ లేకపోతే బయటివాళ్ళు చేసిన డూమ్ మ్యాప్‌లు అంతలా జనంలోకి పోయేవి కాదు.

1997 డిసెంబర్‌లో డూమ్ సోర్స్ కోడ్ బయటపెట్టారు, అందులో ఈ మాటల్ని వెతికే ఫంక్షన్ పట్టుమని పది లైన్లు కూడా ఉండదు. అది చేసే పని ఏంటంటే, గేమ్‌కి ఏదైనా ఆప్షన్ కావాల్సి వచ్చినప్పుడు, ఉదాహరణకి సౌండ్ ఆపాలా వద్దా అని తెలుసుకోవాల్సి వచ్చినప్పుడు, వచ్చిన మాటల వరుసలో మొదటి నుంచి చివరి దాకా -నోసౌండ్ అనే మాట ఉందా అని చూస్తుంది, ఉంటే ఎన్నో స్థానంలో ఉందో చెబుతుంది, లేకపోతే సున్నా ఇస్తుంది. విలువ కావాలంటే ఆ పక్క స్థానంలో ఉన్నది తీసుకుంటుంది. అంటే అడిగేది ఎప్పుడూ గేమే, ఈ మాట ఉందా, ఆ మాట ఉందా అని తనకి కావాల్సినవి మాత్రమే అడుగుతుంది, మనం రాసినవాటిలో తనకి తెలియని మాట ఏదన్నా ఉందా అని వెనక్కి తిరిగి చూసే కోడ్ అందులో లేనే లేదు. -నోసౌండ్ బదులు ఒక అక్షరం జారవిడిచి రాస్తే గేమ్ కిక్కురుమనదు, సౌండ్‌తో హాయిగా మొదలవుతుంది. పేస్ట్ చేసిన లైన్లో పది మాటలుంటే అందులో ఏడు చచ్చిపోయినవైనా సరే గేమ్ అంతే ప్రశాంతంగా తెరుచుకుంటుంది, దాంతో పెట్టినవాళ్ళకి పదీ పనిచేస్తున్నట్టే అనిపిస్తుంది. లాంచ్ ఆప్షన్ల చుట్టూ ఇన్ని నమ్మకాలు పుట్టడానికి ఈ మౌనమే మూలం.

డూమ్‌లోనే -టర్బో అని ఇంకోటుంది, ఆటగాడి నడక వేగాన్ని శాతాల్లో పెంచేది. నంబర్ ఇవ్వకపోతే 200 అనుకుంటుంది, 10 కంటే తక్కువ రాసినా 10 చేసేస్తుంది, 400 దాటితే 400 దగ్గర ఆపేస్తుంది. నలుగురూ కలిసి నెట్‌వర్క్‌లో ఆడుతున్నప్పుడు ఎవరైనా ఇది వాడి మామూలు కంటే వేగంగా కదిలితే ఫలానా ఆటగాడు టర్బోలో ఉన్నాడని స్క్రీన్ మీద మెసేజ్ పడుతుంది, అంటే చేసినవాళ్ళే ఆ ఆప్షన్‌తో మోసం జరుగుతుందని ఊహించి అడ్డుకట్ట కూడా పెట్టారు. ఇంతకంటే విచిత్రమైనది -నెట్. డూమ్‌లో నెట్‌వర్క్ పని వేరే చిన్న ప్రోగ్రామ్ చూసుకునేది, అది ముందు మెషీన్లన్నీ దొరికాయా లేదా చూసుకుని, తర్వాత డూమ్‌ని తనే పిలిచి, -నెట్ పక్కన ఒక పెద్ద నంబర్ రాసేది. ఆ నంబర్ మెమరీలో ఒక చోటి అడ్రస్. డూమ్ ఆ అంకెల్ని చదివి సరిగ్గా ఆ చోటికి పోయి రెండు ప్రోగ్రామ్‌లూ మాట్లాడుకునే డేటాని పట్టుకునేది. మనుషులు టైప్ చేసేవి అనుకునే ఈ ఆప్షన్లు ప్రోగ్రామ్‌లు ఒకదానికొకటి కబురు పంపుకోడానికి కూడా వాడారన్నమాట, ఈ రోజు ఏ లాంచర్ గేమ్‌ని తెరిచినా వెనకాల జరిగేది ఇంచుమించు ఇదే.

1996లో అదే ఐడీ వాళ్ళ క్వేక్ గేమ్ వచ్చాక దీనికి ఒక పద్ధతి ఏర్పడింది, ఇప్పటికీ కౌంటర్ స్ట్రైక్ ఆడేవాళ్ళు వాడే మైనస్ ప్లస్ తేడా అక్కడి నుంచి వచ్చిందే. మైనస్‌తో మొదలయ్యేవి ఇంజిన్ (గేమ్‌ని నడిపే మూల ప్రోగ్రామ్) లేచేటప్పుడు చదివే మాటలు, ఎంత మెమరీ తీసుకోవాలి, సౌండ్ పెట్టాలా, ఏ మాడ్ (గేమ్‌ని మార్చి చేసిన కొత్త రూపం) ఫోల్డర్ వాడాలి ఇలాంటివి. ప్లస్‌తో మొదలయ్యేవి కన్సోల్ (గేమ్ లోపలే కమాండ్లు టైప్ చేసే చోటు) కమాండ్లు, అంటే గేమ్ లోపల కన్సోల్ తెరిచి టైప్ చేస్తే ఏం జరుగుతుందో అదే ముందుగా రాసి పెట్టడం, +మ్యాప్ స్టార్ట్ అంటే స్టార్ట్ అనే మ్యాప్ ఎక్కించమని. ఈ రెండిటికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది, తెలియని మైనస్ మాట వస్తే ఇంజిన్ నోరెత్తదు కానీ తెలియని ప్లస్ మాట వస్తే కన్సోల్‌లో అన్‌నోన్ కమాండ్ అని లైన్ పడుతుంది. కాబట్టి ప్లస్ వాటి నిజం తేల్చుకోవడం తేలిక, చిక్కంతా మైనస్‌వాటితోనే.

ఎవరి మాట ఎవరి మీద నెగ్గుతుంది అనేది కూడా క్వేక్‌లో కళ్ళకి కట్టినట్టు కనపడుతుంది. గేమ్ మొదలవగానే ఒక చిన్న స్క్రిప్ట్ నడుస్తుంది, అది ముందు డిఫాల్ట్ కాన్ఫిగ్ ఫైల్, తర్వాత ఆటగాడి సెట్టింగ్స్ ఉన్న కాన్ఫిగ్ ఫైల్, తర్వాత ఆటగాడు తనే కమాండ్లు రాసిపెట్టుకునే ఆటోఎగ్జిక్ ఫైల్, ఇవన్నీ అయ్యాక కమాండ్ లైన్‌లో ఉన్న ప్లస్ కమాండ్లు, ఈ వరుసలో చదివిస్తుంది. ఒకే సెట్టింగ్ నాలుగు చోట్లా ఉంటే చివర చదివినదే నిలబడుతుంది కాబట్టి కమాండ్ లైన్‌దే పైచేయి. మెనూలో మౌస్ సెన్సిటివిటీ మార్చినా గేమ్ మళ్ళీ తెరిచేసరికి పాతదే వస్తోందని తల పట్టుకునేవాళ్ళు ముందు చూడాల్సింది ఇక్కడే, ఆటోఎగ్జిక్‌లోనో లాంచ్ ఆప్షన్లలోనో ఎప్పుడో పెట్టిన నంబర్ ప్రతిసారీ మెనూ మాటని కొట్టేస్తూ ఉంటుంది.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, దాన్ని చాలా గైడ్లు వదిలేస్తాయి. క్వేక్‌లో కొన్ని సెట్టింగ్స్‌ని గేమ్ మూసేటప్పుడు కాన్ఫిగ్ ఫైల్‌లో రాసి దాచిపెడుతుంది, సెన్సిటివిటీ అందులో ఒకటి. అంటే ఒక్కసారి +సెన్సిటివిటీ 8 అని పెట్టి ఆడి, నచ్చక మర్నాడు ఆ మాట తీసేసినా 8 పోదు, అది కాన్ఫిగ్ ఫైల్‌లోకి ఎక్కేసింది. ఆప్షన్ తీసేస్తే పాత స్థితి వచ్చేస్తుందన్న నమ్మకం కొన్నిటి విషయంలో నిజం, కొన్నిటి విషయంలో కాదు. స్టీమ్ నడిపే వాల్వ్ వాళ్ళ సోర్స్ ఇంజిన్‌లో, విండోస్ గ్రాఫిక్స్ పద్ధతి డైరెక్ట్‌ఎక్స్ ఏ వెర్షన్‌లో వాడాలో చెప్పే -డీఎక్స్‌లెవల్ అయితే దీనికి పూర్తి తిరకాసు, టీమ్ ఫోర్ట్రెస్ 2 లాంటి గేమ్‌లు పాత గ్రాఫిక్స్ కార్డ్ మీద నడవాలని -డీఎక్స్‌లెవల్ 81 పెట్టేవాళ్ళు, అది ఒకసారి పెట్టి గేమ్ తెరిచి మూసి వెంటనే తీసేయాల్సిన ఆప్షన్, ఎందుకంటే అది ఉన్నంతసేపూ గేమ్ తెరిచిన ప్రతిసారీ వీడియో సెట్టింగ్స్ అన్నీ మళ్ళీ మొదటికొస్తాయి. దాన్ని శాశ్వతంగా ఉంచేసి రిజల్యూషన్ సేవ్ అవట్లేదని గేమ్‌ని తిట్టేవాళ్ళు కొల్లలు.

క్వేక్ కోడ్‌లో దగ్గరగా చూడాల్సిన ఇంకో సంగతి ఉంది. ప్లస్ కమాండ్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తేల్చడానికి ఆ కోడ్ ప్లస్ గుర్తు దగ్గర మొదలుపెట్టి, మళ్ళీ ఇంకో ప్లస్సో మైనస్సో కనపడేదాకా చదువుతుంది. ఇప్పుడు మౌస్ పైకీ కిందకీ తిరగేసి ఆడే అలవాటున్నవాళ్ళు +ఎం_పిచ్ -0.022 అని పెట్టారనుకోండి, చూడ్డానికి అంతా సరిగ్గానే ఉంది, కానీ ఆ నంబర్ ముందున్న మైనస్ చూడగానే కోడ్ అక్కడితో ఆగిపోతుంది, కన్సోల్‌కి చేరేది ఎం_పిచ్ అనే ఒట్టి పేరే, విలువ లేకుండా పేరు ఒక్కటే వస్తే కన్సోల్ ఇప్పుడున్న విలువ ఎంతో చూపించి ఊరుకుంటుంది. రాసినవాళ్ళ తప్పేం లేదు, స్పెల్లింగ్ కరెక్టు, నంబర్ కరెక్టు, అయినా పని జరగలేదు. అదే లైన్ ఆటోఎగ్జిక్ ఫైల్‌లో పెడితే చక్కగా పనిచేస్తుంది. పేరులో హైఫన్ ఉన్న మ్యాప్‌కీ ఇదే గతి పడుతుంది. 1999 డిసెంబర్‌లో క్వేక్ సోర్స్ కోడ్ బయటికొచ్చాక దాని మీద కట్టిన కొత్త ఇంజిన్లు చాలా ఉన్నాయి కాబట్టి ఇది అన్నిట్లో ఇలాగే ఉండాలని లేదు, అసలు క్వేక్‌లో మాత్రం ఇంతే.

క్వేక్ ఇంజిన్‌నే తీసుకుని వాల్వ్ 1998లో హాఫ్ లైఫ్ చేసింది, దాని మాడ్‌గా పుట్టిన కౌంటర్ స్ట్రైక్ మన నెట్ సెంటర్లలో 1.6 రూపంలో ఏళ్ళ తరబడి రాజ్యమేలింది. -నోఫోర్స్‌ఎంపార్మ్స్, -నోఫోర్స్‌ఎంయాక్సెల్, -నోఫోర్స్‌ఎంఎస్పీడీ అనే మూడు మాటలు అప్పటివే, వీటిని కలిపి పెడితే మౌస్ యాక్సిలరేషన్ పోతుందని అందరూ చెప్పుకునేవాళ్ళు. నిజానికి జరిగేది వేరు. ఆ గేమ్ విండో ముందుకొచ్చినప్పుడు విండోస్ మౌస్ సెట్టింగ్స్‌ని పక్కనపెట్టి తన సొంతవి రుద్దుతుంది, బయటికి రాగానే పాతవి తిరిగి పెడుతుంది. ఈ మూడు ఆప్షన్లు గేమ్‌కి చెప్పేది ఒక్కటే, నీవి రుద్దకు, విండోస్‌లో ఏముంటే అదే ఉంచు అని. అంటే విండోస్ కంట్రోల్ ప్యానెల్‌లో యాక్సిలరేషన్ ఆఫ్‌లో ఉంటే గేమ్‌లోనూ ఆఫ్, అక్కడ ఆన్‌లో ఉంటే గేమ్‌లోనూ ఆనే. ఒకే లైన్ ఒక మెషీన్ మీద గురిని సరిచేసి పక్క మెషీన్ మీద చెడగొట్టడానికి కారణం ఇదే, ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ అనే ఆ టిక్ మార్కు ఏ మెషీన్లో ఎలా ఉందన్న దాన్ని బట్టి ఫలితం. తర్వాత రా ఇన్‌పుట్ వచ్చాక, అది ఆన్‌లో ఉంటే మౌస్ నుంచి నేరుగా డేటా తీసుకుంటుంది కాబట్టి ఈ మూడిటితో పనే లేదు, అయినా ఇప్పటికీ వాటిని తోక లాగా మోస్తూనే ఉన్నారు.

-టిక్‌రేట్ 128 కథ కూడా ఇలాంటిదే కానీ కారణం వేరు. కౌంటర్ స్ట్రైక్ తర్వాతి రూపమైన సీఎస్ గోలో వాల్వ్ మ్యాచ్‌మేకింగ్ సర్వర్లు సెకనుకి 64 సార్లు లెక్క చూసుకునేవి (ఒక్కో లెక్కని టిక్ అంటారు), ఆ నంబర్ సర్వర్‌ది, ఆడేవాళ్ళ చేతిలో లేదు. మన కంప్యూటర్‌లో ఆ ఆప్షన్ పెడితే పనిచేసేది మనమే లోకల్‌గా సర్వర్ పెట్టుకుని బాట్‌లతోనో స్మోక్ గ్రెనేడ్లు ప్రాక్టీస్ చేస్తూనో ఆడినప్పుడు మాత్రమే. అదేం పనికిరానిదని కాదు, 128 టిక్ సర్వర్లలో టోర్నమెంట్లు ఆడేవాళ్ళు ఇంట్లో అదే లెక్కతో ప్రాక్టీస్ చేసుకోడానికి పెట్టుకునేవాళ్ళు, దాన్ని ర్యాంక్ మ్యాచ్‌లో బుల్లెట్లు బాగా తగలడానికి పెట్టుకోవడమే అర్థం లేనిది. 2023 సెప్టెంబర్‌లో కౌంటర్ స్ట్రైక్ 2 వచ్చి టిక్కుల మధ్య జరిగేదాన్ని కూడా లెక్కలోకి తీసుకునే సబ్ టిక్ పద్ధతికి మారాక ఆ కాస్త ఉపయోగం కూడా పోయింది. -హై సంగతి మాత్రం కొంచెం జాగ్రత్త, అది పనిచేస్తుంది, గేమ్ ప్రాసెస్‌కి విండోస్‌లో ప్రయారిటీ పెంచుతుంది, కానీ రెండు కోర్ల పాత ల్యాప్‌టాప్ మీద గేమ్‌కి అంత పెద్దపీట వేస్తే వాయిస్ చాట్, బ్యాక్‌గ్రౌండ్‌లో నడిచే మిగతావి ఆకలితో అలమటించి అవే తడబాట్లకి కారణం కావచ్చు.

నంబర్లు రాసేటప్పుడు అవి ఏ కొలతలో ఉన్నాయో చూసుకోకపోతే అసలుకే ఎసరు. క్వేక్ కాలం నాటి -హీప్‌సైజ్ (గేమ్ ఎంత మెమరీ తీసుకోవాలో చెప్పేది) కిలోబైట్లలో ఉంటుంది, 256 ఎంబీ కావాలంటే 262144 అని రాయాలి, ఎవరైనా 256 అని రాస్తే అసలు క్వేక్ దాన్ని పావు ఎంబీ అనుకుని మెమరీ చాలదు, గేమ్ నడవదు అని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మైన్‌క్రాఫ్ట్ జావా ఎడిషన్‌లో కూడా అలాంటి ఉచ్చే ఉంది, -ఎక్స్‌ఎంఎక్స్ పక్కన 4జీ అని రాస్తే నాలుగు జీబీ, జీ గానీ ఎం గానీ మర్చిపోయి 4096 అని ఊరికే రాస్తే 4096 బైట్లు, హీప్, అంటే ఇచ్చిన మెమరీ, మరీ చిన్నదని జావా మొదట్లోనే మొరాయిస్తుంది. మైన్‌క్రాఫ్ట్‌లో గమనించాల్సింది ఇంకోటుంది, అక్కడ ఒకే లైన్‌కి ఇద్దరు పాఠకులు, ముందు భాగం చదివేది జావా మెషీన్, తర్వాతి భాగం చదివేది గేమ్. డూమ్ ఊరుకున్నట్టు జావా ఊరుకోదు, తెలియని ఆప్షన్ చూస్తే అక్కడే ఎర్రర్ ఇచ్చి చేతులెత్తేస్తుంది. చిరాకనిపిస్తుంది గానీ నిజానికి ఇదే మేలు, తప్పు రాశామని ఆ క్షణమే తెలిసిపోతుంది.

స్టీమ్ కాకుండా డెస్క్‌టాప్ షార్ట్‌కట్‌తో ఆడేవాళ్ళకి ఇంకో చోట దెబ్బ తగులుతుంది. షార్ట్‌కట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్ బాక్స్‌లో గేమ్ పాత్ డబుల్ కోట్స్ మధ్య ఉంటుంది, ఆప్షన్లు ఆ మూసే కోట్ దాటాక ఒక స్పేస్ ఇచ్చి రాయాలి, లోపల రాస్తే విండోస్ దాన్ని ఫైల్ పేరులో భాగం అనుకుని అలాంటి ఫైల్ లేదంటుంది. కాపీ పేస్ట్‌లో అంతకంటే కనపడని సమస్య ఆ హైఫన్. వెబ్ పేజీలు, వర్డ్ డాక్యుమెంట్లు అందంగా ఉంటుందని మామూలు హైఫన్‌ని కాస్త పొడుగు గీతగా మార్చేస్తుంటాయి, మన కంటికి రెండూ ఒకటే, గేమ్‌కి కాదు, దానికి అది తెలియని మాట, తెలియని మాటకి అది చేసేదేంటో పైన చూశాం. పనిచేయట్లేదనిపించిన ప్రతి ఆప్షన్‌నీ ఒకసారి చేత్తో టైప్ చేసి చూడటం అందుకే అవసరం.

లినక్స్‌లోనూ, వాల్వ్ వాళ్ళ చేతిలో పట్టే గేమ్ మెషీన్ స్టీమ్ డెక్‌లోనూ ఆ బాక్స్ ఇంకో పని కూడా చేస్తుంది. అక్కడ పర్సంట్ గుర్తుల మధ్య కమాండ్ అని రాసే మాట ఉంటుంది, గేమ్‌ని పిలిచే అసలు లైన్ వచ్చి కూర్చునే చోటు అది. దానికి ముందు రాసినవి గేమ్‌కి కాదు, గేమ్ చుట్టూ ఉన్న వాతావరణానికి, విండోస్ గేమ్‌లని లినక్స్‌లో నడిపే ప్రోటాన్ కోసం ప్రోటాన్_లాగ్=1 అని ముందు రాస్తే హోమ్ ఫోల్డర్‌లో లాగ్ ఫైల్ తయారవుతుంది, డీఎక్స్‌వీకే_హడ్=ఎఫ్‌పీఎస్ అని రాస్తే స్క్రీన్ మూలన ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఎన్ని ఫ్రేమ్‌లు) నంబర్ కనపడుతుంది. దాని తర్వాత రాసినవి గేమ్‌కి వెళ్తాయి. ఆ మాట అసలు రాయకపోతే మొత్తం గేమ్ చివర్లో అతుక్కుంటుంది, అప్పుడు ప్రోటాన్_లాగ్=1 కూడా గేమ్ చెవిన పడి అక్కడే ఆవిరైపోతుంది, లాగ్ రాలేదేంటని వెతుక్కోవడమే మిగులుతుంది.

ఎవరో ఇచ్చిన లైన్ గుడ్డిగా పెట్టొద్దు అనడానికి స్పీడ్ ఒక్కటే కారణం కాదు. 2012 అక్టోబర్‌లో రివల్న్ అనే సెక్యూరిటీ సంస్థ వాళ్ళు ఒక సంగతి బయటపెట్టారు, స్టీమ్‌కి సొంత లింకులుంటాయి, బ్రౌజర్‌లో క్లిక్ చేస్తే గేమ్ తెరుచుకునేవి, ఆ లింకులోనే కమాండ్ లైన్ ఆప్షన్లు కూడా ఇరికించొచ్చు. సోర్స్ ఇంజిన్ గేమ్‌లలో కన్సోల్ లాగ్ ఏ ఫైల్‌లోకి పోవాలో చెప్పే కమాండ్ ఉంది, దాన్ని వాడి విండోస్ స్టార్టప్ ఫోల్డర్‌లో ఒక బ్యాచ్ ఫైల్ (విండోస్ కమాండ్లని వరుసగా నడిపించే ఫైల్) పుట్టించి, అందులోకి కావాల్సిన లైన్లు ఎకో కమాండ్‌తో రాయించొచ్చని చూపించారు. తర్వాతిసారి కంప్యూటర్ ఆన్ చేయగానే ఆ ఫైల్ దానంతటదే నడుస్తుంది. వాడింది వైరస్ కాదు, డెవలపర్లు తమ సౌకర్యానికి పెట్టుకున్న మామూలు ఆప్షన్లే. ఇప్పుడు లింకు ద్వారా ఆప్షన్లతో గేమ్ తెరవబోతే స్టీమ్ ఆ ఆప్షన్లు చూపించి ఒప్పుకుంటారా అని అడుగుతుంది, అక్కడ చదవకుండా ఓకే కొట్టకూడదు.

మరి పెట్టింది నిజంగా గేమ్‌కి చేరిందో లేదో తెలుసుకునే దారి ఉంది, కష్టమేం కాదు. విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి డీటెయిల్స్ ట్యాబ్‌లో పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి కమాండ్ లైన్ అనే కాలమ్‌ని ఆన్ చేస్తే, నడుస్తున్న ప్రతి ప్రోగ్రామ్‌నీ ఏ మాటలతో పిలిచారో అక్షరం పొల్లుపోకుండా కనపడుతుంది. లాంచర్ ఏం కలిపింది, మనం రాసింది మధ్యలో ఎక్కడైనా తెగిందా అన్నీ అక్కడ దొరికిపోతాయి. చేరాక చదివిందా లేదా అన్నది తర్వాతి ప్రశ్న, దానికి క్వేక్ నుంచి సోర్స్ దాకా -కన్‌డీబగ్ ఉంది, కన్సోల్‌లో పడేదంతా ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి రాస్తుంది, అన్‌నోన్ కమాండ్ లైన్లు అందులో వెతుక్కోవచ్చు. ఇక ఫలితం ఉందా అనేది కొలిస్తేనే తెలుస్తుంది, డూమ్‌లో -టైమ్‌డెమో ఉన్నది అందుకే, రికార్డ్ చేసిన ఆటని మెషీన్ ఎంత వేగంగా ఆడించగలిగితే అంత వేగంగా ఆడించి చివర్లో రెండు నంబర్లు ఇస్తుంది, గేమ్ టిక్కులెన్ని, నిజంగా పట్టిన టిక్కులెన్ని అని. డూమ్ సెకనుకి 35 టిక్కుల మీద నడుస్తుంది కాబట్టి గేమ్‌తో పాటే వచ్చే రికార్డింగుల్లో మూడో డెమోలోని 2134 టిక్కులు 1067లో అయిపోతే ఆ మెషీన్ 70 ఎఫ్‌పీఎస్ ఇస్తున్నట్టు. ఒకే డెమో, ఒకే సీన్, ఒక ఆప్షన్ పెట్టి ఒకసారి, తీసేసి ఒకసారి. ఇప్పటి గేమ్‌లలో చాలావాటికి లోపలే బెంచ్‌మార్క్ ఉంటుంది, లైన్‌లో పది మాటలుంటే పదీ తీసేసి ఒక్కోటి కలుపుతూ అదే పద్ధతిలో చూసుకుంటూ పోతే, ఏవి నిలుస్తాయో ఏవి ఉత్త మాటలో ఒక సాయంత్రంలో తేలిపోతుంది.